మూడు అబద్ధాల విగ్రహం: బావకి ఒక ఉత్తరం

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. కమిటీ గోల చదివి చాలాసేపు నవ్వుకున్నాను, తర్వాత నీ మీద జాలేసింది. కాలేజీకి స్థలమిచ్చిన పెద్దాయనకి కంచు విగ్రహం పెడదామని అందరూ ఒప్పుకుని, చందాలు కూడా పోగయ్యాక, తీరా చూస్తే ఆయన ఫొటో ఒక్కటీ లేదు! మునిమనవడి పోలికలతో చేయించేద్దామని ఒకాయన, మొహం తెలీని మనిషికి విగ్రహమేంటి అని ఇంకొకాయన, మధ్యలో నలుగుతూ నువ్వు. పైగా "అక్కడ అమెరికాలో ఇలాంటివి ఎలా చేస్తారో కనుక్కో" అని నాకో పని పురమాయించావు.

దీనికి పెద్దగా కనుక్కునేదేం లేదురా. సరిగ్గా నీ సమస్యే నూట నలభై ఏళ్ళ కిందట ఇక్కడ వచ్చింది. వాళ్ళు దాన్ని కంచులో పోతపోసి కుర్చీలో కూచోబెట్టేశారు కూడా. హార్వర్డ్ యూనివర్సిటీలో జాన్ హార్వర్డ్ విగ్రహం గురించే చెప్తున్నా. మా ఇంటి నుంచి రైలెక్కితే కాసేపట్లో అక్కడుంటాం. ఎవరైనా చుట్టాలొస్తే తీసుకెళ్ళి చూపించే బాధ్యత ఎలాగూ నాదే కాబట్టి, ఆయనతో నాకు బాగానే పరిచయం.

హార్వర్డ్ యార్డ్ అని పాత భవనాల మధ్య పచ్చిక మైదానం. అందులో యూనివర్సిటీ హాల్ అని తెల్ల గ్రానైటు భవనం, 1815లో పూర్తయింది. దాని ముందు రాతి దిమ్మ మీద కుర్చీలో ఒక యువకుడు కూచునుంటాడు. పొడుగు జుట్టు, పదిహేడో శతాబ్దపు క్రైస్తవ బోధకుల దుస్తులు, ఒళ్ళో తెరిచిన పుస్తకం. చదువుతూ చదువుతూ ఏదో ఆలోచన తగిలి తలెత్తినట్టు ఉంటాడు. దిమ్మ మీద మూడే మూడు ముక్కలు: జాన్ హార్వర్డ్, ఫౌండర్, 1638.

ఆ మూడూ అబద్ధాలేనట. అందుకే దానికి మూడు అబద్ధాల విగ్రహం అని పేరు పడింది. టూర్ గైడ్ కుర్రాళ్ళు ఈ ముక్క చెప్పేటప్పుడు చూడాలి, వాళ్ళ మొహాలు వెలిగిపోతాయి. ఒకటి, కుర్చీలో ఉన్నది జాన్ హార్వర్డ్ కాదు. ఆయన బొమ్మ ఏదీ మిగల్లేదు కాబట్టి ఎవరో విద్యార్థి మొహం చూసి చేశారు. రెండు, ఆయన ఈ కాలేజీ పెట్టలేదు. మసాచుసెట్స్ వలస ప్రభుత్వపు సభ పెట్టింది. మూడు, పెట్టింది 1638లో కాదు, 1636లో. గైడు చెప్పడం అయిపోగానే జనం చప్పట్లు కొట్టి, ఫొటోలు దిగి, బూటు ముట్టుకుని వెళ్ళిపోతారు. బూటు సంగతి తర్వాత చెప్తా, అదో పెద్ద కథ.

నన్నడిగితే ఆ మూడిట్లో రెండు అబద్ధాలు వకీలు వాదన లాంటివేరా. 1636 అక్టోబరు 28న సభ చేసిందల్లా ఒక బడికో కాలేజీకో 400 పౌన్లు ఇస్తామని తీర్మానించడం. అప్పటికి కాలేజీకి పేరు లేదు, ఊరు తేలలేదు, పుస్తకాలు అసలే లేవు. మరుసటేడు న్యూటౌన్‌లో పెడదామని తేల్చారు. తమలో చాలామంది ఇంగ్లండు కేంబ్రిడ్జిలో చదువుకున్నవాళ్ళు కాబట్టి 1638లో ఆ ఊరి పేరు కూడా కేంబ్రిడ్జి అని మార్చుకున్నారు. ఆ 1638 సెప్టెంబరు 14న, పక్కనే చార్లెస్‌టౌన్‌లో, సముద్రం దాటొచ్చి ఏడాది దాటిందో లేదో, జాన్ హార్వర్డ్ క్షయతో పోయాడు. ముప్ఫై ఏళ్ళు. పిల్లల్లేరు. పోతూ పోతూ ఆస్తిలో సగం, తన పుస్తకాలన్నీ కాలేజీకి ఇచ్చేశాడు. ఆ సగం విలువ దాదాపు 780 పౌన్లని లెక్క. అంటే ప్రభుత్వం ఇస్తానన్నదానికి రెట్టింపు దగ్గర! అది కూడా వీలునామా రాసి కాదు, నోటిమాటగా చెప్పాడట. 1639 మార్చిలో సభవాళ్ళు కాలేజీకి ఆయన పేరు పెట్టారు. దిమ్మ మీది 1638 ఆ దానం జరిగిన ఏడాది. నేను దాన్ని అబద్ధం అనలేను.

నన్ను పట్టుకున్నది ఆ డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందన్న సంగతి. వాళ్ళ నాన్న లండన్‌లో సదర్క్‌లో మాంసం కొట్టు వ్యాపారి. 1625లో ప్లేగు వచ్చి ఇంట్లో జాన్‌నీ, తమ్ముడు థామస్‌నీ, తల్లినీ మాత్రం మిగిల్చింది. తల్లి మళ్ళీ పెళ్ళిళ్ళు చేసుకుంది, ఆస్తి చేరుతూ వచ్చింది, కొడుకుని కేంబ్రిడ్జి ఇమ్మాన్యుయేల్ కాలేజీలో చదివించింది. 1635లో ఆవిడ పోయింది. 1637లో తమ్ముడు కూడా పోయాడు. ఆ ఇంట్లో ఎవరు పోయినా వాళ్ళ వాటా జాన్ ఖాతాలో పడింది. ఆ డబ్బు, ఆ పుస్తకాలు, భార్య ఏన్‌, ఇవి తీసుకుని ఓడెక్కాడు. వచ్చి ఏడాదికి తనూ పోయాడు. ఇంత కథ ఉంటే దిమ్మ మీద "ఫౌండర్" అని ఒక్క ముక్క చెక్కి చేతులు దులుపుకున్నారు. నా కోపం అబద్ధం మీద కాదు బావా, ఆ పొదుపు మీద.

పుస్తకాలు నాలుగొందల దాకా ఉండేవి. ఎక్కువ మతగ్రంథాలే, మధ్యలో హోమర్ లాంటి గ్రీకు, లాటిన్ కవులు. నాలుగొందలే కదా అనుకోకు. ఇంగ్లీషువాళ్ళ అమెరికా వలసల్లోకి మొట్టమొదటి అచ్చుయంత్రం వచ్చింది కూడా ఆ 1638లోనే. పుస్తకం కావాలంటే ఇంగ్లండు నుంచి ఓడలో రావల్సిందే. అలాంటి చోట ఒక్కడి ఇంట్లో నాలుగొందలంటే మామూలు సంగతా? ఇప్పుడు ఆ విగ్రహానికి నాలుగడుగుల్లో ఉన్న వైడనర్ లైబ్రరీ ఒక్కదాంట్లోనే 35 లక్షల పుస్తకాలు పట్టే అలమారాలున్నాయి. అవన్నీ వరసగా పేర్చితే 57 మైళ్ళు అంటారు.

ఇంతకీ ఆ నాలుగొందలూ ఏమయ్యాయనుకున్నావు? కాలిపోయాయి. 1764 జనవరిలో బోస్టన్‌లో మశూచి తిరుగుతోందని శాసనసభ వాళ్ళు వచ్చి కాలేజీ భవనం హార్వర్డ్ హాల్లో సమావేశాలు పెట్టుకున్నారు. మంచు కురుస్తున్న రాత్రి ఆ భవనం అంటుకుంది. ఐదు వేల దాకా ఉన్న లైబ్రరీ మొత్తం బూడిద. జాన్ హార్వర్డ్ ఇచ్చినవాటిలో ఒక్కటి మిగిలిందని లెక్క. సైతానుతో క్రైస్తవుడు చెయ్యాల్సిన యుద్ధం గురించిన మతగ్రంథం అది. ఆ రాత్రి అది లైబ్రరీలో లేదు, ఎవరో చదవడానికి పట్టుకెళ్ళారు! దాన్ని తిరిగిచ్చిన కుర్రాణ్ణి రూలు తప్పావని కాలేజీ వాళ్ళు పంపించేశారని ఒక కథ చెప్తారు, అది మాత్రం కట్టుకథే. ఆ పుస్తకం ఇప్పటికీ హౌటన్ లైబ్రరీలో ఉంది. హాస్టల్ రోజుల్లో నువ్వు లైబ్రరీ పుస్తకాలు నెలలకి నెలలు మంచం కింద దాచినప్పుడు ఈ సంగతి తెలిసుంటే ఫైను కట్టేటప్పుడు వాదించేవాడివి.

ఇంకో పిట్టకథ. ఆ కాలేజీకి మొదట పెట్టిన హెడ్డు నథానియేల్ ఈటన్ అని ఒక మహానుభావుడు. అసిస్టెంటుని కర్రతో గొడ్డుని బాదినట్టు బాదాడు. అది కోర్టుకెళ్తే పిల్లలు తిండి గురించి కూడా మొరపెట్టుకున్నారు. శుభ్రం చెయ్యని చేపలు, జావలో మేకపెంటికలు అని! ఆయన భార్య కోర్టులో కొన్ని ఒప్పుకుని, పెంటికల సంగతి మాత్రం తనకి తెలీదంది. 1639లో ఆయన ఉద్యోగం ఊడింది. మన మెస్సు సాంబారు గురించి ఇన్నాళ్ళూ నేనన్నవన్నీ వాపసు తీసుకుంటున్నాను.

సరే, నీకు కావల్సిన ముక్కకి వస్తా. మొహం సంగతి.

1883 నాటికి, అంటే ఆయన పోయిన రెండు వందల నలభై అయిదేళ్ళకి, శామ్యూల్ జేమ్స్ బ్రిడ్జ్ అనే దాత విగ్రహం పెట్టిస్తానన్నాడు. శిల్పి డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్. తర్వాత వాషింగ్టన్‌లో లింకన్ మెమోరియల్‌లో ఆ పెద్ద లింకన్ విగ్రహానికి నమూనా చేసింది ఈయనే, కానీ అది 1922 నాటి మాట. 1883లో ఈయనకి ముప్ఫై మూడేళ్ళే. చేతిలో ఉన్న ఆధారాలు చూస్తే నవ్వొస్తుంది. బొమ్మ లేదు, ఎలా ఉండేవాడో ఒక్క వాక్యం రాసినవాళ్ళు లేరు. డిగ్రీలు తీసుకున్నప్పుడు కేంబ్రిడ్జి రిజిస్టర్లో పెట్టిన సంతకాలు మాత్రం మిగిలాయి. సంతకం చూసి ముక్కు ఎలా చెక్కుతారురా?

ఫ్రెంచ్ ఏం చేశాడంటే, షెర్మన్ హోర్ అని 1882లో హార్వర్డ్ నుంచి పట్టా పుచ్చుకున్న ఒక కుర్రాణ్ణి కూచోబెట్టుకుని అతని మొహం ఒరవడిగా తీసుకున్నాడు. ఎవరో దొరికాడు కదా అని కాదు. హోర్ వాళ్ళది న్యూ ఇంగ్లండులో పాతుకుపోయిన కుటుంబం, వాళ్ళ వంశంలో పదిహేడో శతాబ్దంలోనే హార్వర్డ్‌కి అధ్యక్షుడిగా చేసినవాడున్నాడు. అంటే ఆ కాలపు వలసవాళ్ళ మొహం ఎలా ఉండేదో, అలాంటి రక్తంలోంచే వచ్చిన మొహం అన్నమాట. అలాగని ఫొటో తీసినట్టు దించెయ్యలేదు, ముఖకవళికలు మాత్రం తీసుకుని మిగతాది ఊహించుకున్నాడు. క్షయతో బతికినవాడు కాబట్టి మనిషి సన్నగా, కాస్త నలిగినట్టు ఉంటాడు. చేతుల్లో కూడా ఆ నీరసం కనిపిస్తుంది.

మీ కమిటీలో లాగే అప్పుడూ అభ్యంతరాలు వచ్చాయి, లేని పోలికని పుట్టిస్తే చరిత్ర గందరగోళం అవుతుందని. నాకు నచ్చింది దానికి వాళ్ళు చూపించిన దారి. 1884 అక్టోబరు 15న ఆవిష్కరణ రోజునే, ప్రసంగించిన జార్జ్ ఎడ్వర్డ్ ఎల్లిస్ సభలోనే చెప్పేశాడు: అసలు రూపం దొరకదు కాబట్టి ఊహారూపంతో తృప్తిపడుతున్నాం అని. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. మోసమంతా తర్వాత దిమ్మ మీద ఆ ముక్క రాయకపోవడం వల్ల వచ్చింది. గైడు నోటికి పని దొరికింది కూడా అందుకే.

ఆ షెర్మన్ హోర్ తర్వాత వకీలయ్యాడు, అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. 1898లో స్పెయిన్‌తో యుద్ధమప్పుడు సైనికుల ఆసుపత్రులు చూడబోయి జ్వరం తగిలి పోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. మొహం అరువిచ్చినవాడు కూడా చిన్నవయసులోనే పోయాడన్నమాట. 1986లో కాలేజీకి 350 ఏళ్ళు నిండితే జాన్ హార్వర్డ్ పేరుతో 56 సెంట్ల తపాలా బిళ్ళ వేశారు. బిళ్ళ మీద మొహం ఎవరిది? విగ్రహానిదే. అలా ఒక కుర్రాడి ముక్కు దేశమంతా కవర్ల మీద తిరిగింది.

కాబట్టి మీ కమిటీలో మొహం కోసం గొడవ పడేవాళ్ళకి చెప్పు, టాంక్‌బండ్ మీద నన్నయనీ, తిక్కననీ, మొల్లనీ చూసి దణ్ణం పెట్టుకునేవాళ్ళలో వాళ్ళ అసలు మొహం చూసినవాడు ఎవడున్నాడు? మునిమనవడి పోలికలతో చేయించండి, తప్పేం లేదు. కానీ ఫలకం మీద రాయండి, ఇది ఊహారూపం, ఫలానా ఏట ఫలానా శిల్పి చేశాడు అని. ఒక్క వరస. దానికి ఇంత గొడవెందుకు?

మొహం కన్నా నాకు భయమేసింది నువ్వు రాసిన రెండో సంగతి. ఫలకం మీద "వ్యవస్థాపకులు" అని వేయిద్దామంటున్నారట. ఆయన స్థలమిచ్చారు, నిజమే, గొప్ప పనే. కానీ బిల్డింగు కట్టడానికి ఊరూరా తిరిగి బస్తాల లెక్కన ధాన్యం చందా వసూలు చేసిన మేష్టర్ల కథ నువ్వే కదా నాకు చెప్పింది? రేపు వాళ్ళ మనవలొచ్చి అడిగితే ఏం చెప్తారు? దస్తావేజు తీయించు. ఎన్ని ఎకరాలు, ఏ తేదీన, ఏ షరతుతో ఇచ్చారో చూసి ఉన్నదున్నట్టు చెక్కించు. ఇచ్చినదాని కొలత రాస్తే మనిషి చిన్నవాడైపోడురా. ఇక్కడ ఆ దిమ్మ మీద "సగం ఆస్తి, నాలుగొందల పుస్తకాలు" అని చెక్కుంటే నాలాంటివాడు మొదటిసారే ఆగి తల పైకెత్తి చూసుండేవాడు.

ఇప్పుడు బూటు. ఎడమ బూటు ముట్టుకుంటే అదృష్టమని, చదువొస్తుందని టూరిస్టులకి నమ్మకం. విగ్రహమంతా ముదురు గోధుమ రంగులో నల్లబారి ఉంటే, ఆ ఒక్క బూటు ముందుభాగం మాత్రం కొత్త ఇత్తడి చెంబులా పచ్చగా మెరుస్తుంటుంది. అక్కడి విద్యార్థులు మాత్రం చచ్చినా ముట్టుకోరు. రాత్రిపూట తమవాళ్ళలో కొందరు ఆ బూటు మీద ఏం చేస్తారో వాళ్ళకి తెలుసట. నేను రాయను, నువ్వు ఊహించుకో. ఒకసారి మనవాళ్ళ కుటుంబం ఒకటి వచ్చింది. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్ వేసుకున్న పెద్దావిడ, ఎవరు ఏమిటని అడక్కుండా ముందు బూటు తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. తర్వాత మనవణ్ణి ఎత్తించి వాడి చేత ముట్టించింది. పక్కనే గైడు రాత్రిళ్ళ సంగతి ఇంగ్లీషులో విడమర్చి చెప్తున్నాడు. కొడుకు మొహం చూడాలి! అమ్మకి చెప్పలేడు, ఊరుకోలేడు. బ్యాగులోంచి శానిటైజర్ తీసి "చలికి చేతులు పగుల్తాయమ్మా, ఇది రాసుకో" అన్నాడు. ఆవిడ నిక్షేపంగా రాసుకుంది.

ఇదేం ఊరికే నవ్వుకోడానికి చెప్పట్లేదు, నీకు పనికొచ్చే ముక్క ఉంది ఇందులో. కంచు అంటే రాగిలో తగరం కలిపిన లోహం. పోత పోశాక అది బంగారు రంగులోనే ఉంటుంది. దాన్ని వేడిచేసి రసాయనాలు పట్టించి ఆ ముదురు రంగు తెప్పిస్తారు, పైన మైనం పూస్తారు. ఆ రంగంతా పల్చటి పైపొర మాత్రమే. చేతులు రాసుకుంటూ పోతే అరిగి కింది లోహం బయటపడుతుంది. అందుకని దిమ్మ ఎత్తు ముందే ఆలోచించుకోండి. పిల్లలు కాళ్ళు ముట్టుకోవాలా వద్దా? నాకైతే ముట్టుకోవాలి, మెరవనీ. కానీ పాలాభిషేకాలూ, పసుపు కుంకుమలూ మాత్రం వద్దని గట్టిగా చెప్పు, ఆ పొర మచ్చలు పడుతుంది. ఏడాదికోసారి కడిగించి మైనం పూయించడానికి కొంత డబ్బు విడిగా బ్యాంకులో వెయ్యండి. మనవాళ్ళకి ఆవిష్కరణ మీదున్న శ్రద్ధ ఆ తర్వాత ఉండదు.

ఇంకోటి, పనివాళ్ళ మాట. తెనాలి వెళ్తున్నామన్నావు కదా, మట్టి నమూనా తయారవగానే కమిటీ మొత్తాన్ని వ్యానెక్కించి తీసుకెళ్ళు. మీసం, తలపాగా, కండువా, ఎవరికేం కావాలో అక్కడే కొట్టుకుని తేల్చుకోండి. మట్టిలో అయితే శిల్పి బొటనవేలితో సరిచేస్తాడు. పోత పోశాక ముక్కు మార్చమంటే ఆయన మిమ్మల్ని కుర్చీలెయ్యకుండానే పంపిస్తాడు.

చోటు గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకు. ఈ విగ్రహం కూడా మొదట మెమోరియల్ హాల్ పక్కనున్న మూడు మూలల స్థలంలో ఉండేది, 1924లో ఇప్పుడున్న చోటికి జరిపారు. అవసరమైతే మీరూ జరుపుకోవచ్చు. గేటు కెదురుగా మాత్రం వద్దు, ఎన్నికలొస్తే ప్రతీ పార్టీవాడూ దండ పట్టుకొస్తాడు. కొంటెపనులకి కూడా సిద్ధంగా ఉండు. 2007లో పక్కనున్న ఎంఐటీ కుర్రాళ్ళు ఈ పెద్దమనిషి తలకి వీడియో గేమ్ సైనికుడి హెల్మెట్ తొడిగేసిపోయారు. మన కుర్రాళ్ళు అంతకన్నా తక్కువేం తినలేదు.

మీ అమ్మాయి ఆగస్టులో ఇటొస్తోందన్నావుగా, తేదీలు రాయి. యార్డ్ చూపించాక చార్లెస్‌టౌన్‌లో ఫిప్స్ స్ట్రీట్ స్మశానానికి కూడా తీసుకెళ్తాను. అక్కడ జాన్ హార్వర్డ్‌కి 1828లో పూర్వవిద్యార్థులు పెట్టించిన గ్రానైటు స్తంభం ఉంది. సమాధి రాయి ఎప్పుడో పోయింది, స్తంభం మాత్రం నిలబడింది. టూరిస్టులు ఎవరూ అటు రారు. ఆవకాయ పంపించేటట్టయితే సీసాలో వద్దు, ప్యాకెట్లో సీలు వేయించి పంపు, పోయినసారి సీసా సూట్‌కేసులోనే పగిలింది.

నీ,
పాత రూమ్మేటు